పసిపిల్లల బరువు – పంచాయతీ బాధ్యత

గ్రామ పంచాయతీ సమావేశములలో రోడ్లను గురించియు, మురుగు కాలువలను గురించియు, వీధి దీపములను గురించియు చర్చలు జరుగుట మనకు తెలిసినదే. కుళాయి రెండు దినములు ఎండినచో ప్రజలు వార్డు సభ్యుని ఇంటికి వచ్చి నిలదీయుదురు. కాని గ్రామములో ఐదేండ్లలోపు పిల్లలెందరు, వారిలో వయస్సునకు తగిన బరువు లేనివారెందరు అను ప్రశ్న సమావేశములలో అరుదుగా వినబడును. ఇది సభ్యుల నిర్లక్ష్యమని మేము అనజాలము. రోడ్డులోని గుంత అందరికిని కనబడును. బిడ్డ బరువు ఆగిపోవుట కన్నతల్లికే కనబడదు. దినదినము చూచుచున్న బిడ్డలో వచ్చు మార్పు ఇంటివారికి తెలియకపోవుట సహజము. నెలకొకసారి తూచి, ఆ తూకమును కాగితముపై గుర్తించిననే అది బయటపడును.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో ఐదేండ్లలోపు పిల్లలలో సుమారు నూటికి 32 మందికి వయస్సునకు తగిన బరువు లేదు. అంతకు పూర్వము 2015–16లో జరిగిన సర్వేలో ఈ సంఖ్య సుమారు 28. తగ్గవలసిన సంఖ్య తగ్గకపోగా పెరిగినది. అంగన్వాడీలున్నవి, గ్రుడ్లున్నవి, బాలామృతమున్నది. అయినను ఇట్లేల జరిగినదని పంచాయతీ సభ్యులు అడుగుట న్యాయమే. రాష్ట్రమంతటికిని సరిపోవు ఒక్క సమాధానము లేదు. నారాయణఖేడ్ ప్రాంతము వరకు చూచినచో, మేము ముఖ్యమని తలంచు కారణమొకటి కలదు. దానిని తెలిసికొనుటకు ముందుగా తూకపు పటమును గురించి కొంత చెప్పవలసియున్నది.

తూకపు పటము చెప్పునదేమి?

తూకమనగానే ‘మావాడు ఎన్ని కిలోలు?’ అని అడిగి ఊరకుండుట మన అలవాటు. ఒకనాటి తూకము చెప్పునది స్వల్పము. నెలనెలా వేసిన చుక్కలను కలిపిన గీత ఎటు పోవుచున్నదో చూడవలెను. ఈ పద్ధతిని పల్లెలలో వ్యాప్తికి తెచ్చినవారిలో డేవిడ్ మోర్లీ అను ఆంగ్ల వైద్యుడు ముఖ్యుడు. ఆయన 1950ల దశకపు చివరిభాగమున పశ్చిమ ఆఫ్రికాలోని నైజీరియా దేశములో ఇమెసి అను పల్లెలో పనిచేయుచు, బిడ్డ బరువును గుర్తించు పటమును ఆసుపత్రిలో దాచక తల్లి చేతికే ఇచ్చెను. అక్షరములు రాని తల్లులును ఆ కార్డులను భద్రముగా దాచుకొని, గీత పైకి పోవుచున్నదా లేదా అని తామే చూచుకొనగలిగిరి. ఈనాడు మన గర్భిణీ స్త్రీలకు ఇచ్చు మాతా శిశు సంరక్షణ కార్డులో ఉన్న పటము ఆ వంశములోనిదే. ఆడపిల్లల పటము గులాబి రంగులోను, మగపిల్లల పటము నీలి రంగులోను ఉండును. లోపల పచ్చ పట్టీలో చుక్క ఉన్నచో బరువు తగినంత ఉన్నదనియు, పసుపు పట్టీలోనికి దిగినచో తక్కువగా ఉన్నదనియు, నారింజ పట్టీలోనికి దిగినచో మిక్కిలి తక్కువగా ఉన్నదనియు అర్థము.

ఈ పట్టీల హద్దులు ఎవరో ఊహించి గీసినవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుండి 2003 వరకు భారతదేశము, బ్రెజిలు, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా అను ఆరు దేశములలో, తల్లిపాలు త్రాగి ఆరోగ్యముగా పెరుగుచున్న పిల్లలను తూచి, కొలిచి, 2006లో ప్రమాణములను ప్రకటించెను. మన దేశము 2008లో వానిని స్వీకరించెను. ‘మన పిల్లలు పుట్టుకతోనే సన్ననివారు, ఆ దొరల లెక్కలు మనకు వర్తించునా?’ అని కొందరు పెద్దలు అడుగుదురు. ఆ లెక్కలో ఢిల్లీ పిల్లలును ఉన్నారు. తగిన ఆహారమును, రక్షణయు లభించినచోట ఆరు దేశముల పిల్లలును ఐదేండ్ల వరకు ఇంచుమించు ఒకే తీరున పొడవు పెరిగిరని ఆ పరిశోధనలో తేలినది. కావున సన్నదనము మన రక్తములోనే ఉన్నదను మాటను ఇకనైనను మానుకొనుట మంచిది.

సామాన్యముగా ఆరోగ్యవంతుడైన మగబిడ్డ ఏడాది నిండునాటికి 9.6 కిలోలు, రెండేండ్లకు 12.2, మూడేండ్లకు 14.3, ఐదేండ్లకు 18.3 కిలోలు తూగును. ఆడపిల్ల ఏడాదికి 8.9, రెండేండ్లకు 11.5, మూడేండ్లకు 13.9, ఐదేండ్లకు 18.2 కిలోలుండును. ఇవి నడిమి లెక్కలు. ఇంతకు కొంత తగ్గినంత మాత్రమున భయపడవలసిన పనిలేదు. అయితే ఏడాది మగబిడ్డ 7.7 కిలోలకు, ఆడబిడ్డ 7 కిలోలకు తగ్గినచో, రెండేండ్ల మగబిడ్డ 9.7 కిలోలకు, ఆడబిడ్డ 9 కిలోలకు తగ్గినచో పచ్చ పట్టీ దాటి క్రిందికి వచ్చినట్లే.

ఇప్పుడు ఒక ఆడబిడ్డను ఊహింతము. ఆమె 9వ నెలలో 7 కిలోలు తూగినది. నడిమి లెక్క 8.2 అయినను, పచ్చ పట్టీకి క్రింది హద్దు 6.5 గనుక ఆమె పచ్చలోనే ఉన్నది. 10వ నెలలో 7.1, 11వ నెలలో మరల 7.1. ఇప్పటికిని పచ్చయే, ఏలనన 11వ నెలకు హద్దు 6.9. పేరు పిలిచి, తూచి, ‘పచ్చ’ అని వ్రాసికొనువారికి ఇందులో చింత కనబడదు. కాని గీతను చూచినవారికి అది నేలబారుగా పోవుచున్నట్లు తెలియును. 15వ నెలలో ఆమె తూకము 7.2. బరువు తగ్గలేదు, 9వ నెల కంటె 200 గ్రాములు పెరిగినది కూడ. అయినను 15వ నెలకు హద్దు 7.6 గనుక ఆమె పసుపులోనికి దిగిపోయినది. ఆ ఆరు నెలలలో పెరుగవలసినది సుమారు కిలోన్నర. అపాయము 15వ నెలలో వచ్చినది కాదు. 11వ నెలలోనే గీత దానిని చెప్పినది. ఆ నెలలో తూకమే లేకపోయినచో చెప్పువారెవరు?

చెరకు నెలలు

నారాయణఖేడ్ ప్రాంతములో అనేకమంది బిడ్డలకు ఆ 11వ నెల తూకము ఉండదు. ఇదియే మేము పైన ముఖ్య కారణమని చెప్పినది.

సంగారెడ్డి జిల్లాకు వాయవ్యమున, కర్ణాటక సరిహద్దునకు చేరువగా ఈ ప్రాంతము ఉన్నది. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరుగువరకు ఈ తాలూకా బీదరు జిల్లాలోనిది. పిదప మెదకు జిల్లాలో ఉండి, 2016 అక్టోబరులో క్రొత్త జిల్లా ఏర్పడినపుడు సంగారెడ్డిలో చేరినది. నారాయణఖేడ్ పట్టణము 2018లో పురపాలక సంఘమైనది. ఆ యేడే చుట్టుప్రక్కల తండాలు అనేకములు స్వంత గ్రామ పంచాయతీలను పొందినవి. జొన్న, కంది, పెసర, ప్రత్తి పండు మెట్ట నేలలే హెచ్చు. వానలు కురిసినచో పంట, లేనిచో వలస. వానకాలపు పంట ఇల్లు చేరిన పిదప, దసరా దీపావళుల నాటికి, తండాల నుండియు పల్లెల నుండియు కుటుంబములు చెరకు నరుకుటకు బయలుదేరును. కొందరు మన జిల్లాలోని చెరకు భూములకు, కొందరు బీదరు వైపునకు, మరికొందరు మహారాష్ట్రకు పోవుదురు. మేస్త్రీ వద్ద ముందుగా తీసికొనిన అడ్వాన్సు తీరువరకు, ఇంచుమించు హోళీ, ఉగాది వరకు తిరిగి రారు.

ఈ పనిని భార్యాభర్తలు జంటగా చేయుదురు. మరాఠీ సీమలో చెరకు నరుకు కత్తిని కోయ్‌తా అందురు. కూలీల లెక్కలో ఒక జంటకును ఆ పేరే. జంట పోయినపుడు చంటిబిడ్డయు పోవలసినదే. బడి ఈడు పిల్లలను అవ్వ తాతల వద్ద విడిచి పోవుదురు గాని, పాలు మానని బిడ్డను విడువలేరు గదా! తెల్లవారకముందే తల్లి కత్తి పట్టును. బిడ్డ చెరకు ఆకుల గుడిసె వద్ద ఏడెనిమిదేండ్ల అక్క కాపలాలో ఉండును. ప్రొద్దుట రొట్టె, చాయ్. మరల తల్లి వచ్చినప్పుడే తిండి. పాలు విడువకుండ ఇతర ఆహారము హెచ్చుగా తినవలసిన 6 నెలలు మొదలు 2 ఏండ్ల లోపు బిడ్డకు ఈ ఐదారు నెలలు ఎంత పెద్దవో ఆలోచింపుడు. రెండేండ్లు నిండులోగా ఇట్టి చెరకు కాలములు రెండు వచ్చును.

అంగన్వాడీ రిజిస్టరులో ఈ బిడ్డల పేర్ల ఎదుట ఆ నెలలు ఖాళీగా ఉండును. టీచరు చేయగలిగినది లేదు. బిడ్డ ఊరిలో లేడు. పోయిన చోట అంగన్వాడీ ఉన్నను అది ఏ దిక్కున ఉన్నదో తల్లికి తెలియదు. అక్కడి టీచరునకు ఈమె మాట తెలియదు. తెలుగే సరిగా రాని లంబాడీ తల్లి కన్నడ పల్లెలోనో, మరాఠీ పల్లెలోనో ఎవరిని అడుగగలదు? ‘తినిపించుచునే యున్నాము, ఒంటికి పట్టుట లేదు’ అని తిరిగి వచ్చిన తల్లులు చెప్పుదురు. వారు అబద్ధమాడుట లేదు. తినిపించినదేమి, ఎన్నిసార్లు అను విషయములు చూడవలెను.

అంబలి గిన్నె లెక్క

ఆరు నెలలు నిండువరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీరు కూడ అక్కరలేదు. పుట్టిన గంటలోగా ముర్రుపాలు పట్టవలెను. వానిని పిండి పారబోయుట కొన్ని ఇండ్లలో ఇంకను ఉన్న దురాచారము. ఈ సంగతులను ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు పలుమారులు చెప్పుచునే యున్నారు గనుక మేము విస్తరింపము. చిక్కంతయు ఏడవ నెల నుండి ఆరంభమగును.

తల్లిపాలు త్రాగుచున్నను, ఏడాది నుండి రెండేండ్ల లోపు బిడ్డకు ఇతర ఆహారము ద్వారా దినమునకు సుమారు 550 క్యాలరీలు కావలెను. జొన్నపిండి 100 గ్రాములలో సుమారు 350 క్యాలరీలుండును. పలుచని అంబలి గిన్నెడు, అనగా 200 మిల్లీలీటర్లు తీసికొన్నచో అందులో పిండి 10 గ్రాములు కూడ ఉండకపోవచ్చును. ఉన్నదనుకొన్నను 35 క్యాలరీలే. ఈ లెక్కన 550 క్యాలరీలకు 15 గిన్నెలకు పైగా త్రాగవలెను. బిడ్డ కడుపు చిన్నది. ఒక్క గిన్నెతో నిండిపోవును. ఏడుపు మానును, నిద్రించును. బిడ్డ తృప్తిగా తిన్నాడని తల్లి అనుకొనును. కడుపు నిండినది నిజమే, నీళ్ళతో.

అదే గిన్నెలో 40 గ్రాముల పిండితో గట్టిగా గటక వండి, ఒక చిన్న చెంచాడు నూనెయో నెయ్యియో కలిపినచో సుమారు 185 క్యాలరీలగును. మూడు గిన్నెలు చాలును. క్రొత్త పంట అక్కరలేదు, క్రొత్త వంట అక్కరలేదు. నీళ్ళు తగ్గించి, నూనె చుక్క వేయుటయే. గటక గట్టిపడి బిడ్డ మ్రింగలేకున్నచో, మొలకెత్తించిన రాగులను ఎండబెట్టి, సన్నని సెగపై కొంచెము వేచి, విసిరిన పిండిని ఒక చెంచాడు కలిపి కొంతసేపు ఉంచవలెను. మొలకలలోని గుణముచేత గట్టి గటక నీరు పోయకుండనే జారుగా మారును. మన అవ్వలకు రాగి మొలకల పిండి తెలియనిది కాదు.

జొన్న ఒక్కటియే చాలదు. జొన్నతో కందిపప్పో, పెసరపప్పో కలిసినపుడే కండ పెరుగుటకు కావలసిన మాంసకృత్తులు సరిపడును. ఈ రెండును మన చేలలోనే పండును గదా. రొట్టెను మెత్తగా చిదిమి పప్పులోనో పాలలోనో నానవేసి తినిపించుట, మెత్తని కిచిడిలో తోటకూరయో మునగాకో వేయుట, వేయించిన పల్లీల పొడి బెల్లముతో కలుపుట, గ్రుడ్డు పెట్టుట — ఇందులో ఏ ఇంటికి ఏది వీలైన అది. మొదటి దినములలో రెండు మూడు చెంచాలు, రెండు మూడు సార్లు. తొమ్మిదవ నెల దాటిన పిదప దినమునకు మూడు నాలుగు సార్లు, నడుమ ఒకటి రెండు చిరుతిండ్లు. పెద్దవారితో పాటు రెండు పూటల భోజనము పసిబిడ్డకు చాలదను మాట ఇంటి పెద్దలకు, ముఖ్యముగా మగవారికి, చెప్పవలెను. మూడవ పూట వండుటకు పొయ్యిలోనికి కట్టె తెచ్చువారెవరో వారు చూచుకొందురు.

అంగన్వాడీలో ఇచ్చు బాలామృతము ఏడవ నెల నుండి మూడేండ్ల వరకు పిల్లల కొరకు ఉద్దేశింపబడినది. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెలతో తయారగును. నెలకు రెండున్నర కిలోల పొట్లము, దినమునకు సుమారు 100 గ్రాముల చొప్పున. ఇంటికి పోయిన పిదప అది ఇంటిల్లిపాదికిని చిరుతిండిగా మారి పది దినములలో అయిపోవుట మనకందరకు తెలిసిన రహస్యము. వలస పోవు తల్లికి మాత్రము ఇంతకంటె అనుకూలమైన ఆహారము లేదు. కాచిన నీళ్ళు కలిపిన చాలును, వంట పని లేదు. తల్లి పొలములో ఉన్నపుడు కాపలా ఉన్న అవ్వయైనను, అక్కయైనను కలిపి పెట్టవచ్చును. నీళ్ళు తల్లి తెల్లవారుజామున కాచి మూత పెట్టి పోవలెను.

రోగము వచ్చినపుడు గీత మరింత వేగముగా క్రిందికి వంగును. విరేచనములకు ఓ.ఆర్.ఎస్. నీళ్ళు, 14 దినములు జింకు మాత్రలు ఇచ్చుచు, ఆహారమును మానకుండ పెట్టవలెను. ‘లంకణము పరమౌషధము’ అను మాట పసిపిల్లలకు చెల్లదు. ఏడాది దాటిన పిల్లలకు ఏటా ఫిబ్రవరిలోను, ఆగస్టులోను ఇచ్చు నులిపురుగుల మందులో ఫిబ్రవరి మోతాదు వలస పిల్లలకు అందదను సంగతి గమనింపుడు.

బొద్దుగా కనబడు బిడ్డ

బరువునకు సంబంధించి రెండు మోసములున్నవి. మొదటిది నీరు. మాంసకృత్తులు, ఇతర పోషకములు చాలని బిడ్డలో కొందరికి పాదములు, ముఖము ఉబ్బును. చూచువారు బిడ్డ బొద్దుగా ఉన్నాడందురు. త్రాసు కూడ ఆ నీటి బరువును కలిపి చూపును. క్వాషియోర్కర్ అను ఈ వ్యాధిని 1950ల దశకములో కూనూరులోని పరిశోధనశాలలో డాక్టరు సి. గోపాలన్ మొదలగువారు విశేషముగా పరిశోధించిరి. ఆ పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థయను పేర తార్నాకలో ఉన్నది. రెండు పాదములపైన బొటనవ్రేలితో మూడు క్షణములు అదిమి తీసినపుడు గుంట నిలిచినచో, త్రాసు ఏమి చెప్పినను ఆ బిడ్డను ఆ దినముననే వైద్యుని వద్దకు పంపవలెను. 6 నెలలు నిండి 5 ఏండ్లు నిండని బిడ్డకు మోచేతి పైభాగపు చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినచో అదియు తీవ్రమైన అపాయమే. అంగన్వాడీలోని రంగుల పట్టీతో ఈ కొలత తీయుట నిమిషపు పని. ఆకలి లేక, జ్వరముతోనో విరేచనములతోనో ఉన్న ఇట్టి బిడ్డలకు పోషకాహార పునరావాస కేంద్రములలో తల్లితో సహా ఉంచి చికిత్స చేయుదురు.

రెండవ మోసము పొట్లములది. పైన చెప్పిన సర్వేలలో 2015–16 నాటికి మన రాష్ట్రములో అధిక బరువు గల ఐదేండ్లలోపు పిల్లలు నూటికి ఒక్కరు కూడ లేరు. 2019–21 నాటికి వారు మూడు మందికి మించిరి. సంఖ్య చిన్నదే గాని, పెరిగిన వేగము చిన్నది కాదు. తండా కిరాణా కొట్టులో కూడ ఐదు రూపాయలకు కారపు చిప్సు, క్రీము బిస్కెట్లు, రంగు నీళ్ళు దొరకుచున్నవి. కొనగలిగిన ఇంటి బిడ్డకు ఇవి వ్యర్థపు కొవ్వును పెంచును; పేద బిడ్డకు ఆకలిని చంపి, పప్పు రొట్టె తినకుండ చేయును. ఒకే పొట్లము ఒక ఇంట బరువును పెంచుచు, మరొక ఇంట తగ్గించుచున్నది. చాయ్ బిస్కెట్టుతో ప్రొద్దు ప్రారంభించు పిల్లలు మన ప్రాంతములో ఎందరో! చాయ్ రక్తమునకు కావలసిన ఇనుమును ఒంటికి పట్టనీయదు. అంగన్వాడీ ముంగిట పొట్లముల దండలు వ్రేలాడుచుండగా లోపల పోషకాహార మాసోత్సవము జరుపుటలో అర్థమేమున్నదో సభ్యులు తమలో తాము ఆలోచించుకొనవచ్చును.

పంచాయతీకి గల అధికారము

ఇది స్త్రీ శిశు సంక్షేమ శాఖవారి పని, మనకేమి సంబంధమని కొందరు సభ్యులనుటను మేము విన్నాము. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చబడిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. ఆరోగ్యము, పారిశుద్ధ్యము, కుటుంబ సంక్షేమము, స్త్రీ శిశు అభివృద్ధి అందులోనివే. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ఆరు నెలలు మొదలు ఆరేండ్ల లోపు ప్రతి బిడ్డకును స్థానిక అంగన్వాడీ ద్వారా ఉచితముగా ఆహారము పొందు హక్కును ఇచ్చినది. స్థానికమనగా బిడ్డ ఉన్న చోట. బీదరు జిల్లా చెరకు తోటలో ఉన్న నారాయణఖేడ్ బిడ్డ అక్కడి అంగన్వాడీకి పోయినచో అది ఎవరి దయయు కాదు. అంగన్వాడీలలో ఉపయోగించు పోషణ్ ట్రాకర్ అను ఫోను యాప్‌లో వలస పోవు తల్లి పిల్లల పేర్లను ఒక కేంద్రము నుండి మరొక కేంద్రమునకు మార్చు వీలు కూడ ఉన్నది. వీలు ఉన్నది గాని, తల్లి పోవు ఊరి పేరు టీచరునకు తెలిసిననే గదా అది పనికివచ్చుట!

ఆ ఊరి పేరు తెలిసినవాడు మేస్త్రీ. మేస్త్రీ ఎవరో తెలిసినవారు పంచాయతీ సభ్యులు. శాఖలవారి వద్ద లేనిది, మీ వద్ద మాత్రమే ఉన్నది ఇదియే. ఏ ఇంటివారు ఏ మేస్త్రీతో, ఏ ఫ్యాక్టరీ కింద, ఏ ఊరికి పోవుచున్నారో దసరాకు పదిహేను దినములు ముందుగా వార్డు సభ్యుడు అరగంటలో చెప్పగలడు. ఆ జాబితాలో ఐదేండ్లలోపు బిడ్డలున్న ఇండ్లను విడదీసి, పంచాయతీ కార్యదర్శి చేత వ్రాయించి, అంగన్వాడీ టీచరునకు, ఏ.ఎన్.ఎం.కు చెరియొక ప్రతి ఇప్పింపవలెను. పోవు ముందు ప్రతి బిడ్డను తూచి, చేయి కొలిచి, కార్డుపై వ్రాసి, ఆ కార్డును పెట్టెలో దాచక వెంట తీసికొనిపొమ్మని తల్లికి ఆమె భాషలోనే చెప్పవలెను. టీచరునకు లంబాడీ రానిచోట, వచ్చిన సభ్యురాలు ఆ దినమున అంగన్వాడీలో కూర్చుండుట పెద్ద పని కాదు. అప్పటికే పసుపులోనో, నారింజలోనో ఉన్న బిడ్డలుండినచో, అవ్వ తాతల వద్ద ఉంచి అంగన్వాడీలో తినిపించు వీలున్నదేమో ఆ కుటుంబముతో మాటాడవలెను. పాలు త్రాగు బిడ్డ విషయములో ఇది తగదు. అప్పుడు తల్లినే నిలుపగల ఉపాధి హామీ పని ఊరిలో ఉన్నదా అని చూడవలెను. పని కల్పింపక ‘పోవద్దు’ అని చెప్పుట మాత్రము సులభమే. అడ్వాన్సు తీసికొనిన ఇంటికి ఆ మాట ఎక్కదు.

తండాలలో మరొక చిక్కు కలదు. క్రొత్తగా పంచాయతీలైన కొన్ని తండాలకు విడివిడిగా దూరమున్న ఆవాసములుండును. పొలము గట్ల మీద రెండు కిలోమీటర్లు నడిచి మూడేండ్ల బిడ్డ అంగన్వాడీకి రాజాలడు. ఆరేండ్లలోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్వాడీ లేని ఆవాసము కోరినచో మూడు నెలలలో కేంద్రము నెలకొల్పవలెనని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించినది. అంతమంది లేనిచోట చిన్న కేంద్రమును కోరవచ్చును. కోరిక నోటిమాటగా గాక, గ్రామసభ తీర్మానముగా, పిల్లల పేర్లు వయస్సులతో సహా పోవలెను.

ఉన్న కేంద్రములలో త్రాసు సరిగా ఉన్నదా అనునది చిన్న ప్రశ్నవలె కనబడును. ముల్లు సున్నకు రాని త్రాసుపై తూచిన తూకము అరకిలో అటునిటు పోవును. మనము పైన చూచిన ఆడబిడ్డ కథ అంతయు అరకిలోలోనే నడచినది. ఒక కిలో తూకపు రాయిని వ్రేలాడదీసి చూచినచో నిజము తెలియును. బిడ్డను బరువైన ఉడుపులతో, కాలి కడియములతో తూచుట కూడ మానిపింపవలెను.

నెలకొకసారి జరుగు గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార దినమున సర్పంచి వచ్చి కూర్చున్నచో, ఎందరు వచ్చిరని గాక, రానివారెవరని అడుగవలెను. పచ్చలో ఎందరని గాక, గత నెల కంటె బరువు పెరుగనివారెందరని అడుగవలెను. టీచరు రిజిస్టరు తెరచి చూపును.

ఇక తిరిగి వచ్చు కాలము. హోళీ నాటి నుండి ఉగాది వరకు కుటుంబములు ఒక్కొక్కటిగా ఊరు చేరును. అందరును వచ్చిన పిదప తూచుదమని వేచియుండుట తగదు. వచ్చిన వారములోనే ఆ ఇంటి బిడ్డను తూచవలెను. దసరా ముందు వ్రాసిన జాబితాలో ప్రతి పేరు ఎదుట పోయినప్పటి బరువు ఉన్నది. దాని ప్రక్కన వచ్చినప్పటి బరువును వ్రాయవలెను. ఏడాది, ఏడాదిన్నర బిడ్డకు ఆ రెండు అంకెల నడుమ సుమారు ఒక కిలోయైనను తేడా లేకున్నచో ఆ పేరు క్రింద గీత గీసి, చేయి కొలిచి, పాదములు అదిమి చూచి, ఏ.ఎన్.ఎం.కు చూపవలెను. ఆ బిడ్డను తరువాతి నెలలలో పదిహేను దినములకొకసారి తూచుచు, గ్రుడ్డు, బాలామృతము ఆ బిడ్డకే చేరుచున్నవా అని వార్డు సభ్యుడు ఇంటికి పోయి చూచుచుండవలెను. వానలు పడి దుక్కులు సాగునాటికి రెండు మూడు నెలలే వ్యవధి. మరల దసరా వచ్చులోగా ఆ గీత పైకి లేవవలసియున్నది.